పదహారో రేకు

తోట, పనిముట్ల గది ముందరి బల్ల
జూన్ 9

అక్కకి, నీ తమ్ముడు కోతి రాస్తున్నది.

ముందు క్షేమం అడగాలట. నువ్వు క్షేమంగా లేవని నాకు తెలుసు, నేను లేనని నీకు తెలుసు, ఆ రెండు వాక్యాల సిరా మిగిలింది. ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా ‘ఊఁ’ అంటావు. ఆ ఊఁ వినడానికి నెలనెలా రీఛార్జి చేయించుకోవాలా? అందుకని ఉత్తరం. ఏడో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, ఒక్కసారి చదివినవాళ్ళకంటే నాకు అక్షరాలు గట్టిగానే వస్తాయి.

తోట బతికే ఉంది. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక ఉన్న పెంటదిబ్బని ఆరేళ్ళ కిందట నువ్వు పదహారు మళ్ళు చేసి, పదహారుమంది రిటైరైనవాళ్ళకి పంచినప్పుడు, ‘ముసలివాళ్ళకి మట్టి అలవాటు చేస్తోంది మా వార్డెనమ్మ, ఎంత ముందుచూపో’ అన్నది నేనే. ఇప్పుడా మాట గుర్తొస్తే నాలుక కొరుక్కుంటున్నాను.

మార్చిలో నువ్వు నీ తాళంచెవి కూడా నా చేతిలో పెట్టి అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయావు. పంపులు బాగుచేసుకుని బతికే నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, డెబ్బై ఏళ్ళవాళ్ళకి పెద్దదిక్కునయ్యాను. నర్సమ్మ మొక్కకి నీళ్ళు పొయ్యమంటే మందు తాగించినట్టు పీక పట్టుకుంటుంది. డ్రాయింగు మాస్టారు వంగ నారు స్కేలు పెట్టి నాటి, వంకర పోయినదాన్ని తప్పుకింద కొట్టేసి పీకేస్తున్నాడు. మొన్న ఆయన మడిలో బజార్లో కొన్న కాలీఫ్లవరు ఒకటి గుచ్చి వచ్చాను. రెండు రోజులు దానికి నీళ్ళు పోశాడు. మూడో రోజు వాసనొచ్చింది. పూర్వమైతే తోటంతా వారం రోజులు నవ్వేది. ఈసారి ఎవరూ పళ్ళు కనపడనివ్వలేదు. మాస్టారు దాన్ని పీకి పక్కన పెట్టి, “నువ్వింకా ఇలాంటివి చేస్తున్నావా?” అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

ఇంకోటి రాయాలా వద్దా అని పెన్ను నములుతున్నాను. మార్చిలో పోయిన కండక్టరు మావయ్య సంగతి. ముప్పై ఏళ్ళు బస్సు రేకు మీద చరిచిన చెయ్యి కదా, ఒక మడి తడిపాక నీళ్ళడబ్బా మీద రెండు దెబ్బలు కొట్టి ‘రైట్’ అంటేగానీ పక్క మడికి కదిలేవాడు కాదు. ఆ రెండు దెబ్బలూ ఇప్పుడు పొద్దున ఏడింటికి వినపడుతున్నాయి. గది వెనక ఆయన మడి దగ్గర్నుంచి. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. మడి మాత్రం తడిగా ఉంటుంది.

నేను ఊళ్ళోవాళ్ళని భయపెట్టినవాణ్ణిగానీ భయపడ్డవాణ్ణి కాదు. ఆ పని చేతకావడం లేదు. నువ్వొచ్చి నేర్పు.

నీ కోతి


అన్నయ్య ఇల్లు, మేడ మీది గది
జూన్ 21

ఒరేయ్,

ఉత్తరం అందింది. మాస్టారిని క్షమాపణ అడుగు. ఆయన పూలు గీయడం నేర్పినవాడు, పువ్వుకి నీళ్ళు పోస్తే తప్పేంటి?

నేను రాను. ఎందుకో అందరికీ తెలుసు, అయినా ఒకసారి కాగితం మీద పెడతాను. ముప్పైఒక్క ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం తలలు లెక్కపెట్టి తలుపు వేసినదాన్ని. ఒక్క తల తప్పిపోలేదు. అక్కడి పద్ధతే తోటకి తెచ్చాను. నూనెడబ్బాలు కోసి గేటు పక్క బోర్డుకి మనిషికొకటి చొప్పున పదహారు రేకులు, ఒకవైపు పచ్చ, ఒకవైపు ఎరుపు. లోపలికి వస్తూ పచ్చవైపు, ఇంటికి వెళ్తూ ఎర్రవైపు తిప్పాలి. పదహారూ ఎర్రబడితే గేటుకి తాళం. ఆ సాయంత్రం పదహారూ ఎర్రగా ఉన్నాయి. తాళం వేశాను. మావయ్య లోపల ఉన్నాడు. పొద్దున నువ్వు గేటు తీసేసరికి పోయి ఉన్నాడు.

గుండె ఏ గంటకి ఆగిందో డాక్టరు చెప్పలేదు. తాళం లేకపోయినా ఆగేదేనేమో. తాళం లేకపోతే ఆసుపత్రికి చేరేవాడేమో. “బోర్డు ఎర్రగా ఉంది, నీ తప్పేముందమ్మా?” అని అందరూ అన్నారు. ఆ మాట రోజూ వినలేకే వచ్చేశాను.

ఇక్కడ అన్నయ్య, వదిన, ఇద్దరు మనవలు, నేను. అయిదుగురం. భోజనాల దగ్గర అలవాటు చొప్పున లెక్కపెడతాను. ఆరు వస్తోంది. మళ్ళీ పెడతాను. ఆరే.

మావయ్య భార్య ఎలా ఉంది? ఆవిడ సంగతి నువ్వు రాయలేదు. నువ్వు రాయని సంగతులే నాకు ముందు కనపడతాయి.

అక్క


తోట
జూలై 14

అక్కా,

దెయ్యం దొరికింది. అత్తయ్యే.

నేను గేటు తీసి పంపు దగ్గరికి వెళ్ళగానే, ఆవిడ వెనకాలే వచ్చి మావయ్య మడి తడిపి, నేను చూసేలోగా ఫ్యాక్టరీ గోడ వారగా మళ్ళీ గేటులోంచే వెళ్ళిపోతోంది. ఇవాళ పంపు దగ్గరికి వెళ్ళినట్టు వెళ్ళి డ్రమ్ము వెనక నక్కాను. నక్కడం నాకొచ్చిన విద్యేగా. ఆవిడ డబ్బాతో నీళ్ళు పోసింది. డబ్బా మీద రెండు దెబ్బలు కొట్టింది. కొట్టి, అలాగే నిలబడిపోయింది.

వెళ్ళి పలకరించాను. “ఎందుకాగావత్తయ్యా?”

“ఆయన రైటనాలిగా” అంది.

జోకు వెయ్యబోయి మానేశాను. నువ్వు నమ్మకపోయినా పరవాలేదు.

బల్ల మీద కూర్చోమన్నాను. ఆవిడ కూర్చోలేదు, బల్ల కిందికి వంగి చూసి పక్కన నేలమీద కూర్చుంది. అప్పుడు చెప్పింది, ఎవరితోనూ చెప్పనిది. ఆ పొద్దున మావయ్య కడిగిన గచ్చు మీద మట్టికాళ్ళతో నడిచాడట.

“‘అంత మట్టి మోజైతే అక్కడే పడుండు, ఇంటికి రాకు’ అన్నాను. నలభై నాలుగేళ్ళలో ఒక్క మాట విన్నవాడు కాదబ్బాయ్. ఆ ఒక్కటీ విన్నాడు.”

“ఊరుకో అత్తయ్యా, ఏదో పొరపాటున ఉండిపోయాడు.”

“పొరపాటున ఉండిపోయినవాడు చెప్పులు బల్ల కింద అంత జతగా విప్పి పెట్టుకుంటాడా? ఇంట్లో ఏనాడైనా అలా విప్పాడా? చొక్కా గుండీలు సర్దుకుని, చేతులు కట్టుకుని, బల్ల మీద పడుకున్నాడు. నువ్వేగా చూసింది. రేకు కూడా తిప్పాడు. ఆరేళ్ళూ వార్డెనమ్మ చేత తిట్లు తిన్నాడుగానీ ఏనాడూ తిప్పలేదే. ఆ రోజు తిప్పి మరీ ఉండిపోయాడు. ఇంక రానని చెప్పడమే కదా అది?”

“మరి రాత్రంతా వెతకలేదేం?” అని అడిగాను. అడిగాక నా మూతి మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

“తమ్ముడింట్లో అలిగి పడుకున్నాడనుకున్నా. అలవాటేగా. ఫోను దిండు కింద వదిలేసి పోయాడు. నాకూ కోపంగానే ఉంది. రెండు పూటలు అక్కడి చప్పిడి కూర తింటే తెలిసొస్తుందిలే అని పడుకున్నా.”

నర్సమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది: ఆవిడ రోజుకి ఒక పూట తింటోందట, ఆ పూట కూడా కోడిపిల్ల తిన్నంత. మనిషి మార్చిలో ఉన్నదాంట్లో ముప్పాతికే ఉంది. “జబ్బేం లేదు. ‘రాకు అన్నాను, రాలేదు’ అనుకుంటూ తనే పోతోంది” అంది నర్సమ్మ.

నువ్వడిగావని రాశాను.

కోతి


అన్నయ్య ఇల్లు
ఆగస్టు 2

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. ఆవిడకి రాద్దామని మూడు కాగితాలు మొదలుపెట్టాను. ‘అత్తయ్యకి నమస్కారాలు’ దగ్గరే మూడూ ఆగాయి.

నువ్వు వెళ్ళి చెప్పు. వార్డెను చూడకుండా తాళం వేసింది, ఆయన ఉండిపోలేదు, చిక్కుకుపోయాడు అని చెప్పు. అవతల మనిషి అన్నం మానేస్తుంటే నా పరువు ఏపాటిది? మావయ్య ఇంటికి రాదలచుకోలేదన్న మాట ఆవిడ మనసులోంచి పోవాలి. అది నమ్మే ఆవిడ పోతే, నేను ఈ తాళం రెండోసారి వేసినట్టవుతుంది.

ఒక్కటి అడుగుతాను. పక్కకి తిప్పకుండా జవాబు రాయి. ఆ రేకు మావయ్యే తిప్పాడంటావా?

అక్క


తోట
సెప్టెంబరు 19

అక్కా,

నెలన్నర ఆలస్యం. పంపులు ఎక్కువగా చెడిపోయాయని రాద్దామనుకున్నాను. ఒక్కటీ చెడలేదు. చెడింది నేను.

రేకు నేను తిప్పాను.

ఆయన ఆరేళ్ళుగా తిప్పడు, నువ్వు రోజూ తోటంతా తిరిగి వెతికి తిడతావు, ఆయన ‘రేపట్నించి చూడమ్మా’ అంటాడు. ఈ నాటకానికి ఒక రంగం కలుపుదామని బుద్ధి పుట్టింది. నీకు ఎర్రగా కనపడుతుంది, తాళం వేస్తావు, లోపల ఆయన ‘హోల్డాన్, హోల్డాన్’ అని బస్సు ఆపినట్టు అరుస్తాడు, ఒక పావుగంట విని రెండో తాళంచెవితో నేను తీస్తాను, ఇంక జన్మలో రేకు మర్చిపోడు. ఇదీ పథకం. ఆయన కంపోస్టు గుంట దగ్గర వంగి ఉన్నప్పుడు తిప్పి, గేటు బయట, అప్పటికే కట్టేసిన టీ కొట్టు దగ్గర నిలబడ్డాను.

అంతలో ఊరి చివర్నుంచి ఫోను. మోటారు కాలింది, ఇంటినిండా చుట్టాలు, చుక్క నీళ్ళు లేవు, రమ్మని. వెళ్ళాను. నువ్వున్నావుగా. వీలుగా నా పథకమే మర్చిపోయి, అక్క రేకుల్ని నమ్మే మనిషి కాదు, వెళ్ళేముందు ఒక చుట్టు తిరిగి ‘ఎవరున్నారు లోపల’ అని అరవనిదే తాళం వెయ్యదు, దొరుకుతాడు, ఇద్దరూ కలిసి రేపు నా తోలు తీస్తారు అనుకున్నాను. ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాను. నవ్వుకుంటూ పడుకున్నానక్కా.

నువ్వు ఆరో మనిషిని లెక్కపెడుతున్నావని జూన్‌లో రాశావు. ఆ ఉత్తరం చదివిన రోజే ఇది రాయాల్సింది. జేబులో పెట్టుకుని తిరిగాను. నీ బరువు నీ నెత్తిన ఉంటే నా నెత్తి తేలిగ్గా ఉంటుందని. పచ్చిగా రాస్తే అంతే.

అత్తయ్య పది రోజులుగా తోటకి రావడం లేదు. మంచం పట్టింది. చెప్పడానికని రెండుసార్లు ఆవిడ వీధి మొదటిదాకా వెళ్ళి వచ్చాను. ఒకసారి చెప్పులు తెగాయి, ఒకసారి తెగకపోయినా వెనక్కి వచ్చాను.

ఆవిడ రావడం లేదు కదా. ఆ రెండు దెబ్బలు మాత్రం ఆగలేదు. పొద్దున ఏడింటికే. నేనొక్కణ్ణే వింటున్నానేమో అనుకున్నాను. నిన్న చెవుడున్న డ్రాయింగు మాస్టారు తలెత్తి గది వెనక్కి చూసి, “ఎవరు కదలాలట?” అని అడిగాడు.

తమ్ముడు


అన్నయ్య ఇల్లు
అక్టోబరు 3

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నయ్యతో కూడా మాట్లాడలేదు. కోపం నీ మీద అని వాళ్ళనుకున్నారు.

నాకు తెలుసురా.

నేను లెక్కపెట్టే మనిషిని. ఆరేళ్ళు పదహారో రేకు, మావయ్యది, పచ్చగానే చూశాను. ఆ సాయంత్రం ఎర్రగా కనపడగానే, వేలితో ముట్టుకోకుండానే చెప్పగలిగాను అది నీ చెయ్యని. మేకుకి కొంచెం వంకరగా వేలాడుతోంది, నువ్వు ఏది తగిలించినా అంతే. మావయ్య లోపలే ఉన్నాడని కూడా తెలుసు. కంపోస్టు గుంట దగ్గర ఆయన తువ్వాలు కనపడింది.

తెలిసే తాళం వేశాను.

రోజూ వెతికి వెతికి కాళ్ళు పీకుతున్నాయి. ముసలాయన్ని ఒక్క పావుగంట కూర్చోనీ అనుకున్నాను. రెండో తాళంచెవి వాడి దగ్గరుంది, ఈ ఆట మొదలుపెట్టినవాడు టీ కొట్టు దగ్గరే నిలబడి ఉంటాడు, ఆయన అరిస్తే వాడే తీస్తాడు, ఒక్క దెబ్బకి ఇద్దరికీ బుద్ధొస్తుంది అనుకున్నాను. టీ కొట్టు వైపు చూడలేదు. చూస్తే నువ్వు నవ్విస్తావని, నవ్వితే తీసేస్తానని, తల తిప్పుకుని వెళ్ళిపోయాను. తల తిప్పి ఉంటే నువ్వక్కడ లేవని తెలిసేది.

జూన్‌లో నీకు ‘బోర్డు ఎర్రగా ఉంది’ అని రాసినది నిజమే. ఆ నిజం చాటున ఏడు నెలలు కూర్చున్నాను. ‘రేకు మావయ్యే తిప్పాడంటావా’ అని అడిగింది కూడా తెలియక కాదు. ముందు నువ్వు ఒప్పుకుంటే, నాది నీ వెనకాల చిన్నగా నిలబడుతుందని.

నలభై ఎనిమిదేళ్ళుగా నువ్వు పారేసినవి నేను ఏరుతున్నాను, నేను వదిలేసినవి నువ్వు చూసుకుంటావనుకున్నాను. ఆ రోజు ఇద్దరం ఒకేసారి వదిలేశాం. ఎదటివాడున్నాడులే అని.

దసరాబుల్లోడిలా వీధి మొదట్లో తిరగడం ఆపు. నేను పదిహేనో తేదీకి వస్తాను. ఇద్దరం కలిసి వెళ్ళి చెబుదాం. ఒక్కడివే వెళ్ళకు.

అక్క


పంపుల కొట్టు
అక్టోబరు 11

అక్కా,

ఆగలేదు. ఒక్కణ్ణే వెళ్ళాను. తొమ్మిదో తేదీన నర్సమ్మ వచ్చి, “రెండు రోజులుగా మంచినీళ్ళు కూడా చెంచాతో పోస్తున్నాను, చెప్పేదేమైనా ఉంటే చెప్పుకోండి అందరూ” అంది. పదిహేనుదాకా ఆవిడ ఉంటుందన్న నమ్మకం లేకపోయింది.

నీ వాటా చెప్పలేదు. నాది మాత్రమే చెప్పాను. నీది నువ్వొచ్చి చెప్పుకో, అది నా చేతుల్లోంచి వెళ్తే వంకరగా వేలాడుతుంది. మర్నాడు తోటలో అందరినీ కూర్చోబెట్టి వాళ్ళకీ చెప్పాను. ఎవరూ తిట్టలేదు. మాస్టారు బోర్డు మీది పదహారు రేకులూ ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకున్నాడు. నర్సమ్మ చెయ్యి చాచింది, రెండు తాళంచెవులూ ఇచ్చేశాను. ఇక మీదట గేటుకి తాళమే వెయ్యరట. దొంగలు వంకాయలు కోసుకుంటే కోసుకోనీ అన్నారు. అందుకే ఈ ఉత్తరం కొట్లోంచి రాస్తున్నాను.

ఇప్పుడు నీకూ చెప్పనిది. ఆవిడకి ఎదురుగా కూర్చుని చెప్పాను.

ఆవిడ మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. నర్సమ్మ వంటింట్లోకి వెళ్ళింది. రేకు సంగతి చెప్పాను. ఆవిడ కదల్లేదు.

“రేకు నువ్వు తిప్పావు సరే. చెప్పులో?” అంది.

“చెప్పులు కూడా నేనేనత్తయ్యా.”

అప్పుడు నా వైపు తిరిగింది.

“ఆ పొద్దున మావయ్య బల్ల మీద లేడు. గేటు లోపల ఉన్నాడు, తుప్పుపట్టిన గేటు రేకుకి వీపు ఆన్చి. నేను తోస్తే గేటు తెరుచుకోలేదు, ఆయనే అడ్డం. రెండు అరచేతులూ తుప్పు రంగులో ఉన్నాయి. చిన్న పార పక్కన పడి ఉంది. గేటు కింద మట్టి తవ్వాడు. నేనే మోసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టాను. చేతులు కడిగాను. గుండీలు పెట్టాను. చెప్పులు జతచేసి పెట్టాను. గుంట పూడ్చి, కాలితో తొక్కి, ఆ తరవాతే అందరినీ పిలిచాను.”

“ఎందుకు?”

“అలా చూస్తే నువ్వు తట్టుకోలేవని.”

“అబద్ధం.”

“అవును. గేటు దగ్గర చూస్తే రేకు ఎవరు తిప్పారని అడుగుతారని.”

ఆవిడ గోడ వదిలి ముందుకి వంగింది.

“ఎంత తవ్వాడు?” అంది.

చెయ్యి చాపి చూపించాను, జానెడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఉన్న ఖాళీని చూసింది. తనూ జాన పెట్టి చూసుకుంది.

“రావాలనుకున్నాడు” అంది. నాతో కాదు.

తరవాత నా చెయ్యి విదిలించి పారేసింది. “లే. నా ఇంట్లోంచి లే. నువ్వు చేసిన ముస్తాబు చూసి ఏడు నెలలు నన్ను నేను తిట్టుకున్నాను. బతికున్నంతకాలం నా గడప తొక్కకు.”

లేచాను. క్షమించమని అడుగుదామని వెళ్ళినవాణ్ణి, ఆ మాట నోటిదాకా కూడా రాలేదు. బయటికొచ్చి కిటికీ కింద చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి గొంతు వినపడింది. నీరసం లేదు. నర్సమ్మ మీద కేకలేస్తోందేమో అనుకున్నాను.

“ముప్పై ఏళ్ళు బస్సంతా దద్దరిల్లేలా అరిచావే, ఆ గొంతు ఏ గంగలో కలిసింది? ఇంకో నాలుగు కేకలు వేస్తే ఏం పోయింది? పార పట్టుకుని తవ్వడమేంటి ఎలకలాగా, ఈ వయసులో? నేనేదో అన్నానే అనుకో, అన్నంత మాత్రాన నీకు ఇల్లు లేకుండా పోతుందా? ఏం చేతులయ్యా అవి. ఆ తుప్పంతా నా గోడలకి పుయ్యకు. ముందు చేతులు కడుక్కో. కడుక్కుని రా, వడ్డిస్తాను.”

నీ పదిహేనో తేదీ మార్చకు. గడప మూసింది నాకే, నీకు కాదు, నీది విన్నాక ఏం చేస్తుందో చెప్పలేను.

ఆ సాయంత్రమే నర్సమ్మ కొట్టు ముందునించి వెళ్తూ ఆగింది. నా మొహం చూడకుండా చెప్పింది. ఆవిడ మంచం దిగి రెండు కంచాలు పెట్టించుకుందట. ఒక కంచాన్ని తిడుతూ, రెండోదాంట్లోది మొత్తం తినేసిందట.

తమ్ముడు